చెక్కకి పట్టింది చెదలేనా, ఇంకేదైనానా? మీ ఇంట్లో మీరే తేల్చుకోవడం ఎలా

తలుపు కింద కాస్త పొడి రాలితే చాలు, విజయవాడలోనైనా గుంటూరులోనైనా చుట్టుపక్కల వాళ్ళు చెప్పే మాట ఒకటే: "చెదలు పట్టాయండీ, మందు కొట్టించేయండి." నిజంగా చెదలైతే మంచి సలహాయే. కాకపోతేనే చిక్కు. మట్టిలోంచి వచ్చే చెదలకి నేల కింద మందు పోయాలి. చెక్కలోనే పుట్టి చెక్కలోనే పెరిగే పురుగులు వేరే ఉన్నాయి, వాటి కోసం గది చుట్టూ టైల్స్‌కి కన్నాలు పొడిచి ఎన్ని లీటర్లు పోసినా వాటికి చుక్క కూడా తగలదు, మీ జేబుకి మాత్రం గట్టిగానే తగులుతుంది. అందుకని ముందు తింటున్నది ఎవరో తేల్చండి, ఆ తర్వాత మందువాడికి ఫోన్ చేయండి.

పురుగు కనిపిస్తేనే కదా తెలిసేది అంటారేమో. చాలాసార్లు అది కనిపించదు, దాని కోసం వెతకడం కూడా దండగే. అది వదిలిపెట్టిన చెత్త కనిపిస్తుంది: మట్టి, పొడి, గింజలు, రాలిన రెక్కలు, చెక్కకి పడ్డ బెజ్జాలు. చూడాల్సింది వాటినే.

ముందు చీపురు పక్కన పెట్టండి

పొడి కనబడగానే ఊడ్చేయడం, గోడ మీద మట్టి గీత కనబడగానే గీకేసి పైన బొద్దింకల స్ప్రే కొట్టేయడం మనకి అలవాటు. ఊడ్చేశాక ఎవరొచ్చినా చెప్పగలిగింది ఏమీ ఉండదు. కాబట్టి మొదట ఫోన్‌తో దగ్గరగా ఫొటోలు తీయండి, ఒకదాంట్లో పక్కన స్కేలు పెట్టి తీస్తే ఇంకా మంచిది. రాలిన పొడిని తెల్ల కాగితం మీదికి తోసి ఒక చిన్న కవర్లో దాచండి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. టార్చి, స్క్రూడ్రైవరు, గుండుసూది, అగ్గిపుల్ల, పెన్సిలు, పిల్లల ప్రాజెక్టుల్లో మిగిలిన నల్ల చార్టు ముక్క. భూతద్దం లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు. గుండుసూదీ అగ్గిపుల్లా బెజ్జాల సైజు చూడటానికి. మామూలు అగ్గిపుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది, మన పనికి ఆ లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఇల్లంతా ఒక చుట్టు తిరగండి. బాత్‌రూమ్ గుమ్మం కింది జానెడు ముక్క అన్నిటికంటే ముందు చూడాలి, రోజూ తడిసేది అదే. తర్వాత వంటగదిలో సింకు కింద కబోర్డు, ఏసీ నీళ్ళు కారే గోడ, గోడకి ఆనించి బిగించిన వార్డ్‌రోబ్ వెనక పలక, స్విచ్ బోర్డుల అంచులు, అటక మీద ఏళ్ళ తరబడి కదపని అట్టపెట్టెలు. అరండల్‌పేట, వన్‌టౌన్ లాంటి చోట్ల ఇంకా మిగిలిన పాత పెంకుటిళ్ళయితే దూలం గోడలోకి దిగే చోటు తప్పకుండా చూడండి. పైన పెంకు జరిగి వాన నీళ్ళు దిగేది అక్కడే, పాడయ్యేదీ అక్కడే. స్క్రూడ్రైవరు పిడితో చెక్క మీద తడుతూ వెళ్ళండి. గట్టి చెక్క "టక్" మంటుంది, లోపల గుల్లయింది "డబ్" మంటుంది, ఒకసారి వింటే తేడా మీకే తెలిసిపోతుంది. డబ్ అన్న చోట మొనతో కొంచెం నొక్కండి.

మట్టి కనబడితే చెదలే

ఇది సులువైన కేసు. గోడ మీదా గుమ్మం మీదా పెన్సిలు మందాన మట్టితో కట్టిన గొట్టం పాకుతూ పైకి వెళ్తోందంటే అవి నేలలోంచి వచ్చే చెదలు. వాటి ఒళ్ళు మెత్తన, గాలి తగిలితే ఎండిపోతాయి, అందుకే మట్టీ వాటి ఉమ్మీ కలిపి కప్పు ఉన్న దారి కట్టుకుని అందులోనే తిరుగుతాయి. ఒక్కోసారి గొట్టంలా కాకుండా చెక్క మీద పూత పూసినట్టు పల్చగా మట్టి పరుచుకుని ఉంటుంది. అదీ వీటి పనే.

గొట్టం ఎక్కడో ఒకచోట రెండు అంగుళాల మేర పగలగొట్టండి, మొత్తం గీకేయొద్దు. లోపల పాలరంగులో చిన్న పురుగులు కదులుతుంటే అప్పటికప్పుడే తేలిపోయినట్టు. కొన్నిటి తల మాత్రం గోధుమ రంగులో పెద్దగా ఉంటుంది, అవి కాపలా పురుగులు. ఏమీ కనబడలేదనుకోండి, అంతమాత్రాన అవి వెళ్ళిపోయాయని సంతోషపడకండి. పగలగొట్టిన చోట పెన్సిలుతో తేదీ రాసి రెండు మూడు రోజులాగి చూడండి. తడి మట్టితో మళ్ళీ పూడ్చి ఉంటే చెదలు మంచి ఊపులో ఉన్నాయన్నమాట. పూడ్చకపోతే దారి మార్చి ఉండొచ్చు, అప్పుడు అదే గోడకి అవతలి వైపు చూడాలి. గోడ అవతల పక్కింటి వాళ్ళ స్టోర్ రూమ్ ఉంటే మొహమాటపడకుండా అడిగి చూడండి, వాళ్ళకీ మేలే.

చెక్క పైన మట్టి ఏమీ లేకుండా లోపల మాత్రమే తినడం వీటి ఇంకో విద్య. రంగు వేసిన గుమ్మం బయటికి నిక్షేపంగా ఉంటుంది, రంగు మాత్రం ఒకచోట కొద్దిగా అలలుగా లేచి ఉంటుంది. అక్కడ స్క్రూడ్రైవరు పెడితే అట్టలోకి దిగినట్టు దిగిపోతుంది. ఆ ముక్క విరిచి టార్చి వెలుగులో చూడండి, ఇది చూసి తీరాల్సిందే. కర్రలో నార ఏ దిక్కుకి ఉందో ఆ దిక్కునే పొడుగ్గా గాడులు పడి ఉంటాయి, మెత్తని పొరని తినేసి పక్కన గట్టి పొరని వదిలేస్తాయి, మళ్ళీ మెత్తని పొర తింటాయి. మిగిలిన రేకుల మధ్య సన్నటి మట్టి పూసి ఉంటుంది. పొడి ఉండదు. మట్టీ రేకులూ ఉండి పొడి లేకపోతే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

"మాది మూడో అంతస్తు, ఇక్కడికి చెదలెలా వస్తాయి?" అని పటమట, భవానీపురం అపార్ట్‌మెంట్ల వాళ్ళు అడుగుతుంటారు. వస్తాయి. కరెంటు వైర్ల పైపులు, నీళ్ళ పైపులు పైకి వెళ్ళే డక్టు, లిఫ్టు గోడ, ఇవన్నీ వాటికి చీకటి దారులే. పైపు లీకై గోడ ఎప్పుడూ చెమ్మగా ఉంటే కొన్ని రకాలు నేలతో పనిలేకుండా పైనే గూడు పెట్టేస్తాయి కూడా. అలాంటప్పుడు లీకు ఆపకుండా ఎంత మందు కొట్టినా ఉపయోగం ఉండదు. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఇంకో ఇబ్బంది: నేల ఎండకి బీటలిచ్చి వానకి ఉబ్బుతుంది, దాంతో గచ్చుకీ గోడకీ మధ్య సన్న పగుళ్ళు వస్తాయి. చెదలకి ఆ సందు చాలు.

మట్టి లేదు, పొడి ఉంది: వేళ్ళ మధ్య నలపండి

ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. కవర్లో దాచిన పొడి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. మైదాలాగా జారిపోయిందా, బొంబాయి రవ్వలాగా గరగరలాడిందా? ఈ ఒక్క ప్రశ్న దగ్గరే దారి రెండుగా చీలుతుంది.

మెత్తగా మైదాలా ఉంటే అది చెక్క తొలిచే చిన్న పెంకు పురుగుల పని. వడ్రంగులు పుచ్చు పట్టిందనో పురుగు పట్టిందనో అంటారు. చెక్క మీద గుండ్రటి బెజ్జాలు వెతకండి, పొడి కుప్ప పడ్డ చోటికి నిట్టనిలువుగా పైకి చూస్తే దొరుకుతాయి. గుండుసూది దూరి అగ్గిపుల్ల పట్టకపోతే లిక్టస్ అనే చిన్న రకం అయి ఉంటుంది, దాని బెజ్జం 1 నుంచి 2 మిల్లీమీటర్లు. అగ్గిపుల్ల సులువుగా దూరితే వాటి దాయాదులు, కాస్త పెద్ద రకాలు. ఏదైనా మీరు చేయాల్సింది మాత్రం ఒకటే కాబట్టి పేరు కోసం బుర్ర బద్దలు కొట్టుకోకండి.

ఈ పురుగు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో కొత్త ఫర్నిచర్‌కి పట్టేది ఎక్కువగా ఇదే. దీనికి కావలసింది చెక్కలో ఉండే పిండి పదార్థం. అది చెట్టు పైపొరలో, అంటే తెల్లగా ఉండే భాగంలో ఉంటుంది. మధ్యలోని చేవలో దీనికి తిండి దొరకదు, లిక్టస్ అయితే చేవ జోలికే పోదు. అందుకే "టేకుకి పురుగు పట్టదు" అన్న మాట సగమే నిజం. టేకు చేవకి పట్టదు. చేవ లేని తెల్ల అంచు కలిపి కోసిన టేకు పలకకి హాయిగా పడుతుంది. కలప డిపోలో రేటు తక్కువ చెప్పారంటే అంచున ఆ తెల్ల చార ఎంత ఉందో చూసుకోండి, పాలిష్ వేశాక అది కనబడదు. మామిడి చెక్క, రబ్బరు చెక్క, చౌక రకం ప్లై లోపలి పొరలు వీటికి ఇంకా ఇష్టం.

బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ళింట్లో దివాన్ కింద ప్రతి వారం తెల్లటి పొడి పడేది. చూడటానికి వచ్చినాయన గుమ్మంలోనే నిలబడి "ఇల్లు మొత్తం డ్రిల్లింగ్ చేయాలమ్మా" అని లెక్క చెప్పాడు, వంగి మంచం కింద చూసిన పాపాన పోలేదు. పొడి నలిపి చూస్తే మెత్తగా ఉంది. మట్టి జాడ ఎక్కడా లేదు. బెజ్జాలన్నీ అంతకు ముందు ఏడాది మార్చిన మామిడి పలకలకే ఉన్నాయి, పాత టేకు కాళ్ళకి ఒక్కటి కూడా లేదు. పలకలు తీసేసి వేరేవి వేయించారు, అంతటితో సరి.

ఇక ఇందులో అసలు మెలిక: పురుగు ఇంకా లోపల ఉందా, ఎప్పుడో వెళ్ళిపోయిందా? బెజ్జం అంటే పురుగు పెరిగి పెద్దదై బయటికి ఎగిరిపోయిన తలుపు. పాత బెజ్జాల్లోంచి కూడా మంచం ఊగినప్పుడల్లా పొడి రాలుతూనే ఉంటుంది. అది చూసి కంగారు పడకండి. బెజ్జం అంచు తెల్లగా, పదునుగా ఉంటే కొత్తది. నల్లబడి, దుమ్ము పట్టి, లోపల పాలిష్ ఇంకి ఉంటే పాతది. ఇంకా అనుమానంగా ఉంటే ఉన్న బెజ్జాలన్నిటి చుట్టూ పెన్సిలుతో సున్నాలు చుట్టి, కొవ్వొత్తి మైనంతో పూడ్చి, కింద నల్ల చార్టు పరిచి వదిలేయండి. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. సున్నా లేని చోట కొత్త బెజ్జం పడిందా, చార్టు మీద కొత్తగా పొడి కుప్ప చేరిందా, పురుగు లోపల బతికే ఉంది. రోజూ చూస్తూ కూర్చోనక్కర్లేదు.

వెదురు సామానుదీ ఇదే కథ. చాట, బుట్ట, తడిక, నిచ్చెన, ఏది పుచ్చినా కింద మెత్తటి పసుపు పొడి పడుతుంది. వెదురులో పిండి పదార్థం ఎక్కువ. కొట్టిన వెదురును కొన్ని వారాలు నీళ్ళల్లో నానేసి అప్పుడు ఎండబెట్టి వాడటం పాతకాలపు పద్ధతి, నీళ్ళల్లో ఆ పిండి చాలావరకు పోతుంది కాబట్టి పురుగు అంతగా పట్టదు. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్ల పొణికి కూడా మెత్తని కర్రే. బొమ్మ చేసే ముందు కర్రని వేడి మీద ఆరబెట్టి తడి తీసేస్తారు, అయినా షోకేసులో మూసి పెట్టేసి మర్చిపోకుండా అప్పుడప్పుడు బొమ్మ అడుగున చూస్తుండండి. పొడి కనబడితే ఆ బొమ్మని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

గరగరలాడితే ఇంకో రకం చెదలు

వేళ్ళ మధ్య రవ్వలా తగిలిందంటే అది పొడి కాదు, గింజలు. మట్టితో సంబంధమే లేని చెదలు కొన్ని ఉన్నాయి, ఎండు కర్రలోనే కాపురం పెట్టి అందులో ఉండే కాస్త తేమతోనే బతికేస్తాయి. వాటి రెట్ట ఇది. ఒక్కో గింజ మిల్లీమీటరు లోపే ఉంటుంది. ఫోన్ జూమ్ చేసి చూస్తే ఆరు పలకలుగా, పెన్సిలు ముక్కల్లా కనబడతాయి, అన్నీ అచ్చుపోసినట్టు ఒకే సైజులో ఉంటాయి. రంగు ఒకటే ఉండదు, లేత గోధుమ నుంచి నలుపు దాకా కలిసి ఉంటాయి. ఆరు పలకలు కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు, ఇంకే పురుగూ అలాంటిది వదలదు.

ఇవి చెక్కకి సన్న కన్నం పెట్టి గింజల్ని బయటికి తోసి మళ్ళీ మూసేస్తాయి, కాబట్టి కుప్ప ఉంటుంది గానీ కన్నం వెతికినా దొరకకపోవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో ఇవి ఎక్కువ. మచిలీపట్నం, బాపట్ల వైపు అమ్మమ్మగారింటి నుంచి పాత భోషాణమో పందిరి మంచమో విజయవాడ తెచ్చుకున్న వాళ్ళు ఈ గింజల కోసం ప్రత్యేకంగా చూసుకోండి. వీటి గుంపు చిన్నది, తినడం నిదానం, అందుకే ఏళ్ళ తరబడి బయటపడవు. నేలకి మందు కొట్టడం వీటి విషయంలో శుద్ధ దండగ.

బెజ్జం పెద్దదైతే

చిటికెన వేలు పట్టేంత గుండ్రటి కన్నం, డ్రిల్లు మిషన్‌తో వేసినంత నున్నగా, బాల్కనీ పందిరి కర్రకో పెంకుటింటి వాసానికో ఎండు వెదురు బొంగుకో పడితే అది తుమ్మెద. నల్లగా నీలం మెరుపుతో ఝుమ్మని తిరుగుతుందే, అదే. కింద ముతక పొట్టు పడుతుంది, పక్కన పసుపు మరకలు ఉంటాయి. ఇది చెక్కని తినదు, గుడ్లు పెట్టడానికి సొరంగం తొలుస్తుంది, అంతే. మగ తుమ్మెద మొహం మీదికి వచ్చి తెగ హడావుడి చేస్తుంది గానీ దానికి కొండి లేదు, కుట్టలేదు. మందులు కొట్టి చంపకండి, మీ పెరట్లో మునగ కాయాలంటే ఇవే దిక్కు. అవి వెళ్ళిపోయాక కన్నం పూడ్చి పెయింట్ వేస్తే సరిపోతుంది.

కన్నం గుండ్రంగా కాక కోలగా ఉండి, రాత్రి ఫ్యాన్ ఆపినప్పుడు చెక్కలోంచి కర్ కర్ మని కొరుకుతున్న చప్పుడు వినబడితే పొడుగు మీసాల పెంకు పురుగు పిల్ల లోపల ఉంది. దీని పిల్ల దశ చాలా నిదానం, కొన్ని సంవత్సరాలు పడుతుంది. కొని ఎన్నాళ్ళో అయిన కుర్చీ నుంచి కూడా ఒకరోజు హఠాత్తుగా పురుగు బయటపడటం ఇందుకే. అరుదే, కానీ ఆ చప్పుడు వల్ల ఇంట్లో వాళ్ళకి వచ్చే టెన్షన్ మాత్రం అంతా ఇంతా కాదు.

తొలకరికి రెక్కల పురుగులు వస్తే

జూన్‌లో మొదటి గట్టి వాన పడిన సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ఉసిళ్ళు మూగడం మనకి కొత్తేం కాదు, కొన్ని ఊళ్ళల్లో పట్టుకుని వేయించుకు తినేవాళ్ళు కూడా. ఇవి చెదల్లో రెక్కలొచ్చినవే. లైటుకి బయట నుంచి వచ్చాయంటే కంగారు అక్కర్లేదు, లైటు ఆర్పి కిటికీ మూయండి. కానీ అవి మీ గుమ్మం సందులోంచో స్విచ్ బోర్డు వెనక నుంచో గచ్చు పగులులోంచో బయటికి వస్తుంటే గూడు మీ ఇంటికిందో గోడలోనో ఉన్నట్టు. ఎక్కడి నుంచి వస్తున్నాయో ఆ చోటుని ఫొటో తీయండి, మర్నాటికి రెక్కల కుప్ప తప్ప ఏమీ మిగలదు.

రెక్కల చీమలు కూడా ఇదే కాలంలో ఎగురుతాయి, వాటిని చూసి చెదలనుకునేవాళ్ళు చాలామంది. చచ్చిన ఒకదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. నడుము సన్నగా నొక్కేసినట్టుంటే చీమ, తలకింద నుంచి తోకదాకా ఒకే లావున్నట్టుంటే చెద. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. చెదకి నాలుగూ సమానం, ఒంటికంటే బాగా పొడుగు, ముట్టుకుంటే ఊడిపోతాయి. మీసాలు చీమకి మోచేయిలా వంగి ఉంటాయి, చెదకి తిన్నగా పూసలు గుచ్చినట్టుంటాయి.

అసలు దోషులు కానివాళ్ళు

గండు చీమలు గుమ్మం సందులో కనబడితే అవే తిన్నాయనుకుంటాం. అవి కర్రని తినవు, ఎవరో తిని గుల్ల చేసిన చోటో, తడికి మెత్తబడ్డ చోటో చూసుకుని చేరతాయి. కాబట్టి చీమల్ని తిట్టి ఊరుకోక ఆ గుల్ల ఎలా పడిందో చూడండి. కిటికీ మూలా తాళం కన్నంలోనూ ముద్దలు ముద్దలుగా గట్టి మట్టి ఉంటే అది కందిరీగ గూడు, చెదల మట్టి ఎప్పుడూ దారిలా సాగుతుంది. గోడ మీద బూడిద రంగులో సన్నటి సంచిలా వేలాడుతూ మెల్లగా కదిలేది గూడు మోసే ఒక పురుగు, దుమ్మూ సాలెగూళ్ళూ తినేది, చెక్క జోలికి రాదు.

కింది అంతస్తు గోడల నుంచి తెల్లగా పొడి రాలితే నాలిక్కి అంటించుకోనక్కర్లేదు గానీ అది ఉప్పు, చెమ్మతో పాటు గోడలోంచి పొంగినది. సున్నం పెచ్చులతో కలిసి పడుతుంది, పక్కన చెక్కే ఉండదు. ఇంకొకటి, పార్టికల్ బోర్డు కబోర్డు అడుగు ఉబ్బి పొడి పొడిగా రాలడం. అది కేవలం నీళ్ళ పని. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్ళు నిలిచిన సింగ్ నగర్ వైపు ఇళ్ళల్లో ప్లై పొరలు విడిపోవడం, చెక్క నల్లబడి అడ్డంగా నిలువుగా గళ్ళుగళ్ళుగా పగలడం ఇప్పటికీ కనబడుతుంటే అందులో ఎక్కువ భాగం బూజు వల్ల వచ్చిన కుళ్ళే. కాకపోతే అలా తడిసి మెత్తబడ్డ చెక్కంటే చెదలకి ప్రాణం, కాబట్టి అక్కడ మట్టి గొట్టాల కోసం కూడా చూడాలి.

తేలింది, ఇప్పుడేం చేయాలి

నేల చెదలైతే ఇది మీరు చేసుకునే పని కాదు, మనిషిని పిలవండి. పిలిచినప్పుడు "ఏ పురుగు? నాకు చూపించండి" అని అడగండి. చూపించకుండా రేటు చెప్పేవాడిని పంపించేయండి. కట్టేసిన ఇళ్ళకి ఎలా చేయాలో భారతీయ ప్రమాణం 6313 మూడో భాగంలో ఉంది: గచ్చూ గోడా కలిసే చోట వరుసగా అడుగు దూరానికి ఒకటి చొప్పున సన్న కన్నాలు వేసి, మందు ఇంక దిగనంత వరకూ పోయాలి. రెండు కన్నాలు వేసి నాలుగు చుక్కలు చల్లి వెళ్ళిపోతే అది లెక్కలోకి రాదు. పని మొదలుపెట్టే ముందు మీ సంపు ఎక్కడుందో, బోరు ఎక్కడుందో వాళ్ళకి చూపించి, వాటికి దూరంగా ఉండమని గట్టిగా చెప్పండి. అపార్ట్‌మెంట్లలో సంపు నేలకిందే ఉంటుంది, ఎవరూ ఆ సంగతి గుర్తుపెట్టుకోరు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఇంకోటుంది. మిరపకో పత్తికో కొట్టగా మిగిలిన ఇమిడాక్లోప్రిడ్ ఇంట్లో ఉంటుంది, చెదల మందులోనూ అదే పేరు కనబడుతుంది. రెండూ ఒకటే కదా అని కలిపి కొట్టేయకండి. పంటకి వచ్చేది సాధారణంగా 17.8 శాతం రకం, ఇళ్ళ చెదలకి అమ్మేది 30.5 శాతం రకం, తయారీ వేరు, వాడే పద్ధతి వేరు. పడకగదిలో పొలం మందు వాసన పీలుస్తూ పిల్లల్ని పడుకోబెట్టడం ఎందుకు?

మెత్తటి పొడి పురుగుకీ రవ్వ గింజల చెదలకీ మందు చెక్కలోకే వెళ్ళాలి. చిన్న వస్తువైతే తీసి పారేయడమే తెలివైన పని, పది రూపాయల పలక కోసం వెయ్యి రూపాయల మందు దండగ. ఉంచుకోవాలనుకుంటే బెజ్జాల్లోకి సిరంజితో చెక్కల కోసం అమ్మే మందు ఎక్కించి మైనంతో మూయాలి. పాలిష్ లేని కొత్త కర్ర అయితే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు బాగా ఇంకేలా పూయొచ్చు, పాలిష్ ఉంటే అవి లోపలికి దిగవు. రంగు లేని చిన్న వెదురు సామాను పాలిథిన్ కవర్లో గాలి చొరకుండా చుట్టి డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే లోపలి పురుగు చస్తుంది. కిరసనాయిలు పోస్తే ఎదురుపడ్డ పురుగు చస్తుంది, కొన్నాళ్ళకి ఆవిరైపోతుంది, లోపల దాక్కున్నదానికి ఏమీ కాదు. పైగా ఇల్లంతా కంపు, అగ్గి భయం.

పాలిష్ వేస్తే పుచ్చు ఆగుతుందా అని వడ్రంగిని అడిగితే ఆగుతుందంటాడు. కొత్తగా గుడ్లు పెట్టకుండా ఆగుతుంది, ఎందుకంటే ఆ పురుగు చెక్క పైన తెరుచుకుని ఉన్న సన్న రంధ్రాల్లోనే గుడ్లు పెడుతుంది. అప్పటికే లోపల ఉన్నవి మాత్రం ఆ పాలిష్‌ని పొడుచుకునే బయటికొస్తాయి. అందుకని కొత్త మంచం చేయించేటప్పుడు బయట కనబడే వైపే కాదు, పలకల అడుగు, కోసిన చివరలు కూడా పూత వేయించండి. వడ్రంగి "అడుగున ఎవరు చూస్తారు సార్" అంటాడు. పురుగు చూస్తుందని చెప్పండి.

మందు పడ్డాక వెంటనే గోడ మీది మట్టి గొట్టాలన్నీ తుడిచి పెయింట్ వేయించకండి. ఒకటి రెండు చోట్ల పాత గొట్టం సగం పగలగొట్టి, తేదీ రాసి అలాగే ఉంచండి. నెల తర్వాత కూడా పూడకపోతే పెయింటర్ని పిలవండి. పూడితే మందు కొట్టినాయనకి ఆ తేదీ ఉన్న ఫొటో పంపి, గ్యారంటీ కాగితం చేతిలో పట్టుకుని మాట్లాడండి. ఆ కాగితం మీద "ఏ పురుగుకి" అన్న మాట రాయించుకున్నారా లేదా అన్నది మాత్రం డబ్బు ఇచ్చే రోజే చూసుకోవాలి.